కువైట్‌లో పుట్టిన అక్కకు ఉంది, కడపలో పుట్టిన తమ్ముడికి లేదు

అమెరికా లాటరీ పద్ధతిలో ఇచ్చే గ్రీన్ కార్డుల మీద, అంటే డైవర్సిటీ వీసా (డీవీ) మీద, పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి మీద వచ్చిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: డిగ్రీ పూర్తిచేశాను. అమెరికా లాటరీలో పేరు వేయిస్తానని మాకు తెలిసినాయన 35,000 రూపాయలు అడుగుతున్నాడు. సగం ఇప్పుడు, సగం పేరు తగిలాక ఇవ్వాలట. కట్టమంటారా?
– పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండి. కింద చెప్పబోయే ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇండియాలో పుట్టినవారికి ఈ లాటరీలో చోటే లేదు. అమెరికాకు ఏ దేశాల నుంచి తక్కువమంది వలస వెళ్తున్నారో ఆ దేశాలవారికి అవకాశం ఇవ్వడానికి 1990 నాటి చట్టంలో పెట్టిన ఏర్పాటు ఇది. గడిచిన 5 ఏళ్లలో కుటుంబ, ఉద్యోగ కోటాల కింద 50,000 మందికి పైగా వెళ్లిన దేశాన్ని జాబితా నుంచి తీసేస్తారు. మనవాళ్లు అంతకు ఎన్నో రెట్లు వెళ్తున్నారు కాబట్టి ఇండియా బయటే ఉంటోంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, చైనా, ఫిలిప్పీన్స్ కూడా అంతే. నేపాల్, శ్రీలంక, భూటాన్, మయన్మార్ డీవీ-2026 (2026 సెప్టెంబరుతో ముగిసే ఏడాది వీసాల లాటరీ) జాబితాలో ఉన్నాయి.

ఆయన మీ దరఖాస్తు నిజంగానే పంపినా, పుట్టిన దేశం దగ్గర ఇండియా అని రాస్తే అది చెల్లదు. వేరే దేశం పేరు రాస్తే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఆ మచ్చ రేపు మీరు స్టూడెంట్ వీసాకు వెళ్లినా అడ్డు వస్తుంది. ఇంకో సంగతి. ఈ దరఖాస్తు చాలా ఏళ్లు పూర్తిగా ఉచితం. 2025లో తెచ్చిన నిబంధన ప్రకారం రుసుము 1 డాలరు. దానికి 35,000 ఎందుకో ఆయన్నే అడగండి.

ప్రశ్న: ఈ లాటరీని ఆపేశారని విన్నాం. ఇక అడగడం దండగేనా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: మామూలుగా అక్టోబరు మొదట్లో దరఖాస్తులు తెరిచి నవంబరు మొదట్లో మూసేవారు. డీవీ-2026కి 2024 అక్టోబరు 2 నుంచి నవంబరు 7 వరకు తీసుకున్నారు. 2025 అక్టోబరులో ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ డిసెంబరులో కార్యక్రమాన్ని నిలిపివేస్తున్నట్టు అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. చట్టం మాత్రం రద్దు కాలేదు. దాన్ని తీసేయాలంటే అక్కడి కాంగ్రెస్ ఓటు వేయాలి.

అర్హత ఉన్నవారు ఈలోగా చేయగలిగింది ఉంది. పాస్‌పోర్టు గడువు చూసుకోండి. దరఖాస్తుతోపాటు పాస్‌పోర్టు స్కాన్ కూడా అడగాలని 2025లో ప్రతిపాదన వచ్చింది. జనన ధ్రువపత్రం, చదువు సర్టిఫికెట్లు ఒకచోట పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడు తెరుస్తారన్నది ట్రావెల్ డాట్ స్టేట్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో మీరే చూసుకోండి. దరఖాస్తు చేసేది డీవీప్రోగ్రామ్ డాట్ స్టేట్ డాట్ గవ్‌లో మాత్రమే. చిరునామా చివర ‘గవ్’ లేకపోతే అది ప్రభుత్వానిది కాదు. ‘ముందస్తు బుకింగ్’ అంటూ ఇప్పుడు డబ్బు తీసుకునేవారిని దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: మావారు 20 ఏళ్లు కువైట్‌లో చేశారు. పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. బాబు కడుపున ఉన్నప్పుడు పురిటికి పుట్టింటికి వచ్చాను, వాడు కడపలో పుట్టాడు. నెలల పిల్లాణ్ని మళ్లీ కువైట్ తీసుకెళ్లి ఇద్దర్నీ ఒకే బడిలో చదివించాం. ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. వీళ్లకు అవకాశం ఉందా? వాళ్లతోపాటు మాకు?
– పాఠకురాలు, రాజంపేట

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో దాదాపు ఇలాంటివే ఎక్కువ. రాజంపేట, రాయచోటి, రాజోలు, కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ ఇళ్లన్నిటికీ ఇది పనికొచ్చే సంగతి. చాలామందికి ఇది తెలియకుండానే ఏళ్లు గడిచిపోతున్నాయి.

ఈ లాటరీలో చూసేది పుట్టిన దేశం. పౌరసత్వాన్ని గానీ, పాస్‌పోర్టు రంగును గానీ, ఎక్కడ పెరిగారన్నది గానీ చూడరు. కువైట్‌లో పుట్టిన మీ అమ్మాయికి కువైట్ పౌరసత్వం ఎన్నడూ రాకపోయినా, అమెరికా లెక్కలో ఆమె కువైట్ కింద వస్తుంది. సౌదీ, దుబాయ్, మస్కట్, దోహా, బహ్రెయిన్‌లలో పుట్టిన మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. డీవీ-2026లో గల్ఫ్ దేశాలు ఆరూ అర్హత ఉన్నవే. అలాగే మలేసియా, సింగపూర్, మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికాలలో పుట్టిన తెలుగువారికి కూడా ఆ దేశాల కిందే లెక్క.

బాబు సంగతి కష్టం. కడపలో పుట్టాడు కాబట్టి ఇండియా కిందే వస్తాడు. తల్లిదండ్రుల దేశాన్ని వాడుకునే మినహాయింపు ఒకటి ఉంది. బిడ్డ పుట్టిన దేశంలో తల్లిదండ్రుల్లో ఎవరూ పుట్టకపోయి, ఆ సమయానికి అక్కడ స్థిరంగా నివసించకుండా ఉంటే, ఇద్దరిలో ఒకరి జన్మదేశాన్ని బిడ్డకు వాడుకోవచ్చు. మీరిద్దరూ ఇండియాలోనే పుట్టారు గనక అది వర్తించదు. మీరు అప్పుడు కువైట్ ఇఖామా (నివాస అనుమతి) మీద ఉన్నారన్నది ఇక్కడ పనికిరాదు. పురిటికి పుట్టింటికి వచ్చిన తల్లులు మనలో ఎందరో. అక్కకు ఉన్నది తమ్ముడికి లేకపోవడం బాధగానే ఉంటుంది. కానీ వాడి పేరు మీద దరఖాస్తు పెట్టించి ఆశ పెంచుకోవద్దు.

ఇక మీ విషయం. అమ్మాయికి తగిలితే ఆమెతోపాటు వెళ్లగలిగేది భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు. తల్లిదండ్రులు, తోబుట్టువులు కుదరదు. పిల్లలు పుట్టిన దేశాన్ని తల్లిదండ్రులు ఎరువు తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు.

అమ్మాయి కోసం ఇప్పుడే ఒక పని చేయండి. ఆమె అరబిక్ జనన ధ్రువపత్రం అసలు ప్రతి ఎక్కడుందో వెతకండి. చాలా ఇళ్లలో ఇండియన్ ఎంబసీ ఇచ్చిన ఇంగ్లీషు సర్టిఫికెట్ ఉంటుంది, కువైట్ ప్రభుత్వం ఇచ్చిన అసలుది పోతుంది. వీసా ఇంటర్వ్యూలో అడిగేది పుట్టిన దేశపు ప్రభుత్వం ఇచ్చినదాన్నే. దానికి ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణతో జతచేయాలి. పోయి ఉంటే నకలు తెచ్చుకోవడానికి నెలలు పట్టవచ్చు.

ప్రశ్న: మా నాన్న రంగూన్‌లో పుట్టారు. 1960ల్లో అందరితోపాటు విశాఖ వచ్చేశారు. నేను ఇక్కడే పుట్టాను. బర్మా కింద పెట్టుకోవచ్చా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీకు వీల్లేదు. మీరు పుట్టేనాటికి మీ నాన్నగారు ఇండియాలోనే స్థిరపడి ఉన్నారు కాబట్టి పైన చెప్పిన మినహాయింపు దొరకదు. ఆయన స్వయంగా దరఖాస్తు చేసుకుంటే మయన్మార్ కింద వస్తారు, గరిష్ఠ వయసు అనేదేమీ లేదు. అయితే ఆయనకు తగిలినా 21 దాటిన మీరు ఆయనతో వెళ్లలేరు. తాత పుట్టిన ఊరు మనవడికి ఏ విధంగానూ పనికిరాదు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో పుట్టాను, టెక్సస్‌లో హెచ్-1బీ మీద ఉన్నాను. కంపెనీ గ్రీన్ కార్డు ప్రక్రియ మొదలుపెట్టింది, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం వచ్చింది. నా భార్య మస్కట్‌లో పుట్టింది. లాటరీ వేస్తే మంచిదా?
– పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: లాటరీ మాట తర్వాత. ముందు మీ కంపెనీ లాయరుకు ఇవాళే ఒక మెయిల్ రాయండి: “నా భార్య ఒమన్‌లో పుట్టింది. క్రాస్ ఛార్జబిలిటీ కింద ఒమన్ వాడుకోవాలనుకుంటున్నాను.” ఇది లాటరీకి మాత్రమే ఉన్న సౌకర్యం కాదు. ఉద్యోగ కోటా గ్రీన్ కార్డుకు కూడా భార్య లేదా భర్త పుట్టిన దేశాన్ని వాడుకోవచ్చు. ఏ తేదీవరకు వేసినవారికి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్లలో 2025 చివరివి చూడండి: ఉద్యోగ కోటాలో ఒక వర్గమైన ఈబీ-2లో ఇండియాకు 2013 దగ్గర ఆగి ఉండేది. ఒమన్ వంటి దేశాలన్నీ వచ్చే సాధారణ వరసలో 2023 డిసెంబరు, 2024 ఫిబ్రవరి ప్రాంతాల్లో నడిచింది. అంటే పదేళ్లకు పైగా తేడా. మీ ప్రయారిటీ తేదీ (వరసలో మీ చోటును నిర్ణయించే తేదీ) ఆ సాధారణ వరసకంటే ముందుదైతే, ఇద్దరూ కలిసి ఐ-485 (అమెరికాలో ఉంటూనే గ్రీన్ కార్డుకు వేసే దరఖాస్తు) వేయవచ్చు. ఆమె మీతోపాటే దరఖాస్తు చేయాలన్నది షరతు. ఆమె ఒమన్ జనన ధ్రువపత్రం, మీ వివాహ ధ్రువపత్రం జతచేయాలి. లాయర్లు చాలామంది ఉద్యోగి పుట్టిన దేశం ఒక్కటే అడుగుతారు, భార్యది అడగరు. మీరే చెప్పాలి.

లాటరీ తెరిచినప్పుడు అది కూడా వేయండి. ఇద్దరూ వేరువేరుగా, ఒకరి పేరు ఒకరి దరఖాస్తులో రాసి, రెండు పెట్టవచ్చు. ఎవరిది తగిలినా రెండోవారు వెంట వెళ్తారు. మీ దరఖాస్తులో పుట్టిన దేశం దగ్గర ఇండియా అనే రాయాలి. ఆ కింద అర్హత ఏ దేశం మీద అన్న ప్రశ్నలో, భార్య పుట్టిన దేశం అని ఒమన్‌ను ఎంచుకోవాలి. తొందరలో చాలామంది పుట్టిన దేశం దగ్గరే ఒమన్ అని పెట్టేస్తారు. ఆ తర్వాత పాస్‌పోర్టులో హైదరాబాద్ అని కనబడగానే చిక్కు మొదలవుతుంది. దరఖాస్తు చేసే రోజుకే పెళ్లి అయి ఉండాలి, ఇద్దరికీ వీసాలు వచ్చి ఇద్దరూ కలిసే అమెరికాలో అడుగుపెట్టాలి, లేదా అక్కడే ఉంటే కలిసే స్టేటస్ మార్చుకోవాలి.

అమెరికాలో ఉన్న మన విద్యార్థులకు ఇక్కడే ఒక మాట. హెచ్-1బీ మీద వలస ఉద్దేశం ఉన్నా ఇబ్బంది లేదు. ఎఫ్-1 మీద ఉన్నవారు లాటరీలో ఎంపికై, డీఎస్-260 (వలస వీసా దరఖాస్తు ఫారం) నింపాక వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వస్తే, తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందని ఆఫీసరును ఒప్పించడం కష్టం. ఆ దశలో ప్రయాణం మానుకోవడం మేలు.

ప్రశ్న: దుబాయ్‌లో పుట్టిన మా అబ్బాయి రెండేళ్ల క్రితం వేశాడు. ఫోటో సరిగా లేదని తర్వాత ఎవరో చెప్పారు. ఫోటోలో అంత ఏముంటుంది?
– పాఠకురాలు, అమలాపురం

జవాబు: దరఖాస్తులు పోయేది ఎక్కువగా ఫోటో దగ్గరే. కొలతలు ఇవి: చతురస్రాకారం, 600 బై 600 పిక్సెల్స్, జేపెగ్ ఫైలు, సైజు 240 కిలోబైట్లు దాటకూడదు, కలర్ ఫోటో. గడ్డం నుంచి నడినెత్తి వరకు తల ఎత్తు ఫోటోలో 50 నుంచి 69 శాతం, అంటే 300 నుంచి 414 పిక్సెల్స్ మధ్య ఉండాలి. వెనక తెల్లని లేదా తెలుపుకు దగ్గర రంగు గోడ, మీద నీడ పడకూడదు. కళ్లజోడు తీసేయాలి. గత 6 నెలల్లో తీసినదై ఉండాలి.

మన స్టూడియోల్లో జరిగే పొరపాట్లు మూడు. మొదటిది: వాళ్ల దగ్గర ఇండియన్ పాస్‌పోర్టుకు తీసిన నిలువు ఫోటో ఉంటుంది. దాన్నే చతురస్రంలోకి లాగేస్తారు. ముఖం వెడల్పై, చెవులు పక్కకు జరిగినట్టు కనబడుతుంది. లాగకూడదు, కత్తిరించాలి. నిలువు ఫోటోలో పక్కల చోటు సరిపోకపోతే మళ్లీ తీయించాలి. రెండోది: అడగకపోయినా ముఖం తెల్లబరిచి, మచ్చలు తుడిచి, వెనక రంగు మార్చి ఇస్తారు. జుట్టు అంచు చుట్టూ చిన్న తెల్లటి గీత మిగిలిపోతుంది. ఫోటోను దిద్దారన్న కారణం మీద తిరస్కరించే అధికారం వాళ్లకుంది. ‘టచప్ వద్దు’ అని ముందే గట్టిగా చెప్పండి. మూడోది, కిందటి ఏడాది పంపిన ఫోటోనే మళ్లీ పంపడం. కంప్యూటరు పాత ఫోటోలతో సరిచూస్తుంది. కాబట్టి ఏటా కొత్తది తీయించాలి, చంటిపిల్లలకైనా సరే.

ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. పగటివేళ, కిటికీకి ఎదురుగా మనిషిని నిలబెట్టి, గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంచితే వెనక నీడ పడదు. ఫోన్ కళ్ల ఎత్తులో పట్టుకుని, కాస్త దూరం నుంచి తీయాలి. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ ఆపేయడం మరవద్దు. వాట్సాప్‌లో పంపించుకోకండి, నాణ్యత పడిపోతుంది. కేబుల్‌తోనో మెయిల్‌తోనో కంప్యూటర్లోకి ఎక్కించుకోండి.

ప్రశ్న: ఫారం నింపేటప్పుడు ఇంకేం చూసుకోవాలి? నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మొదటి భార్య దగ్గర ఉంటాడు, నాతో రాడు. వాడి పేరు రాయాలా?
– పాఠకుడు, నిజామాబాద్ (జననం రియాద్)

జవాబు: తప్పక రాయాలి. మీతో వచ్చినా రాకపోయినా, మీ దగ్గర ఉన్నా లేకపోయినా, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలందరి పేర్లూ ఫోటోలతో సహా ఉండాలి. దత్తత పిల్లలు, భార్య మొదటి పెళ్లి పిల్లలు కూడా. అప్పటికే అమెరికా పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవారో అయితే అవసరం లేదు. ఒక్క బిడ్డ పేరు వదిలినా, ఇంటర్వ్యూలో అది బయటపడితే కుటుంబం మొత్తానికి వీసా నిరాకరిస్తారు. పేరులో ఒక అక్షరం తేడా, తేదీలో ఒక అంకె తేడా అయితే వివరించి సర్దుకోవచ్చు. మనిషినే వదిలేస్తే సర్దుబాటు ఉండదు. దరఖాస్తు తర్వాత పుట్టిన బిడ్డను మాత్రం తర్వాత ధ్రువపత్రాలతో చేర్చుకోవచ్చు.

ఫారం తెరిచాక 60 నిమిషాల్లో పూర్తిచేయాలి, మధ్యలో భద్రపరిచే వీలు లేదు. పేర్లు, తేదీలు, ఫోటోలు ముందే సిద్ధం చేసుకుని కూర్చోండి. ఇంటిపేరు ఎక్కడ, పేరు ఎక్కడ అన్నది పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. పొట్టిగా ఇనీషియల్ రాయకండి. ఒక మనిషికి ఒకే దరఖాస్తు. మేనమామ ఒకటి, బావ ఒకటి ప్రేమకొద్దీ పెట్టేస్తే రెండూ పోతాయి. పంపగానే తెరమీద కన్ఫర్మేషన్ నంబరు వస్తుంది. ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. మెయిల్ ఐడీ మీదే ఇవ్వండి, నెట్ సెంటరు వాళ్లది ఇవ్వకండి. ఎందుకో కింద చూడండి.

ప్రశ్న: ఒకతను మా తరఫున వేశాడు. తగిలిందట. కన్ఫర్మేషన్ నంబరు కావాలంటే రెండు లక్షలు ఇవ్వాలంటున్నాడు. ఇంకొకరి అమ్మాయిని భార్యగా చూపించమని కూడా అడుగుతున్నాడు.
– పాఠకుడు, షార్జా

జవాబు: డబ్బు ఇవ్వకండి. నంబరు మీరే తెచ్చుకునే మార్గం ముందుగా చూడండి. లాటరీ వెబ్‌సైట్లో ఫలితాలు చూసే పేజీలోనే, నంబరు మరిచిపోయినవారికి ఒక లింకు ఉంటుంది. ఏడాది, పేరు, పుట్టిన తేదీ, దరఖాస్తులో ఇచ్చిన మెయిల్ ఐడీ ఇస్తే నంబరు చూపిస్తుంది. అతను వాడిన ఐడీ ఏదో తెలిస్తే పని అయిపోతుంది. పాత వాట్సాప్ సందేశాల్లో, అతను ఇచ్చిన రసీదులో వెతకండి.

ఆ పెళ్లి ప్రతిపాదనకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తలూపకండి. ఎంపికయ్యాక హఠాత్తుగా ప్రత్యక్షమైన భార్యల గురించి ఆఫీసర్లు విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. దొంగపెళ్లి అని తేలితే మీరు అమెరికా వీసాకు జీవితాంతం అనర్హులు అయ్యే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ‘మీరు గెలిచారు, 800 డాలర్లు పంపండి’ అని మెయిల్ వచ్చింది. అమెరికా జెండా, ముద్ర అన్నీ ఉన్నాయి.
– పాఠకురాలు, ఏలూరు

జవాబు: మోసం. ఎంపికయ్యారన్న కబురు మెయిల్లో గానీ ఉత్తరంలో గానీ రాదు. మే నుంచి వెబ్‌సైట్లో మీరే నంబరు కొట్టి చూసుకోవాలి. వీసా రుసుము ఇంటర్వ్యూ రోజు ఎంబసీ క్యాషియరు దగ్గరే కట్టేది.

ప్రశ్న: ఓపెన్ స్కూల్లో ఇంటర్ చేశాను. సరిపోతుందా? మా అన్న పది తర్వాత పాలిటెక్నిక్ చేశాడు.
– పాఠకుడు, మచిలీపట్నం (జననం దోహా)

జవాబు: కావలసింది 12 ఏళ్ల రెగ్యులర్ బడి చదువు, అంటే మన ఇంటర్. కరస్పాండెన్స్ చదువు, తత్సమాన సర్టిఫికెట్లు ఒప్పుకోమని సూచనల్లో స్పష్టంగా ఉంది. కాబట్టి ఓపెన్ స్కూల్ ఇంటర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఆపైన రెగ్యులర్ డిగ్రీ చేసి ఉంటే ఆ పత్రాలు కూడా చూపించండి. పాలిటెక్నిక్ విషయం ఆఫీసరు విచక్షణ మీద ఉంటుంది, ధీమాగా చెప్పలేం. చదువు లేకపోతే రెండో దారి పని అనుభవం: గడిచిన 5 ఏళ్లలో 2 ఏళ్లు, అదీ కనీసం 2 ఏళ్ల శిక్షణ అవసరమైన వృత్తిలో. ఏ వృత్తి వస్తుందన్నది అమెరికా కార్మిక శాఖ ‘ఓనెట్’ పట్టికలో చూడాలి. అక్కడ జాబ్ జోన్ 4 లేదా 5 అని ఉండాలి. డ్రైవింగ్, సేల్స్ కౌంటరు పనులు అందులోకి రావు. ఈ అర్హత దరఖాస్తు పెట్టిన మనిషికే కావాలి, వెంట వచ్చే భార్యకో భర్తకో అవసరం లేదు.

ప్రశ్న: నా భార్య కువైట్‌లో పుట్టింది, 18 ఏళ్లు వచ్చాక ఇండియా వచ్చింది. డీవీ-2026లో ఎంపికైంది. నంబరులో ‘ఏఎస్’ అని ఉంది. తర్వాత ఏం చేయాలి? వీసా ఖాయమేనా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఖాయం కాదు. డీవీ-2025కి సుమారు 2 కోట్ల దరఖాస్తులు వస్తే 1,31,000 మందిని ఎంపిక చేశారు. ఈ లెక్కలో కుటుంబసభ్యులు కూడా ఉన్నారు. చట్టంలో వీసాలు 55,000, వేరే చట్టాలకింద కోతపోగా ఇంకా తక్కువ. సగానికి పైగా జనం ఎక్కడో ఒకచోట జారిపోతారు.

‘ఏఎస్’ అంటే ఆసియా ప్రాంతం. దాని తర్వాతి అంకె వరస సంఖ్య. ప్రతి నెలా వచ్చే వీసా బులెటిన్లో ఆసియాకు ఒక హద్దు ఇస్తారు. మీ అంకె ఆ హద్దుకంటే తక్కువైతేనే వంతు వచ్చినట్టు. నేపాల్ వంటి ఎక్కువమంది ఎంపికైన దేశానికి ఒక్కోసారి వేరే హద్దు పెడతారు, అది చూసి కంగారుపడకండి.

డీఎస్-260 ఆన్‌లైన్లో మనిషికొకటి నింపాలి, చంటిబిడ్డకు కూడా. అది అందాకే కెంటకీ రాష్ట్రంలోని కాన్సులర్ సెంటరు మీ కేసును వరసలో పెడుతుంది. ఇంటర్వ్యూ తేదీ, చోటు అక్కడినుంచే వస్తాయి. పత్రాలు ఇంటర్వ్యూకే తీసుకెళ్లాలి.

పోలీసు క్లియరెన్సు దగ్గర గల్ఫ్ పిల్లలు తరచు దెబ్బతింటారు. 16 ఏళ్లు నిండాక ఏ దేశంలో ఏడాది ఉన్నా ఆ దేశపు సర్టిఫికెట్ కావాలి. మీ భార్య 16 నుంచి 18 వరకు కువైట్‌లో ఉంది. కాబట్టి ఇండియా పీసీసీతోపాటు కువైట్‌ది కూడా అవసరం. ఇండియాది పాస్‌పోర్టు సేవా ద్వారా త్వరగానే వస్తుంది. కువైట్‌ది ఇక్కడినుంచి తెప్పించుకోవడానికి సమయం పడుతుంది. పాత సివిల్ ఐడీ నంబరు, పాత పాస్‌పోర్టులో ఇఖామా పేజీ నకలు వెతికి పెట్టండి. ఇంటర్వ్యూ లేఖ కోసం ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.

మెడికల్ పరీక్ష ఎంబసీ జాబితాలోని డాక్టర్ల దగ్గరే చేయించాలి. టీకాల పుస్తకం తీసుకెళ్తే కొన్ని సూదులు తప్పుతాయి. ఇంటర్వ్యూ రోజు రుసుము మనిషికి 330 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. వీసా వచ్చాక ఇంకో 235 డాలర్లు కడితే కార్డు అమెరికా చిరునామాకు పోస్టులో వస్తుంది.

అన్నిటికంటే గట్టిగా గుర్తుపెట్టుకోవలసింది 2026 సెప్టెంబరు 30. ఆ రాత్రితో డీవీ-2026 ముగుస్తుంది. కేసు పెండింగులో ఉన్నా, అదనపు విచారణలో ఉన్నా, తప్పు మీది కాకపోయినా తర్వాతి ఏడాదికి వెళ్లదు. 2020లో కోవిడ్ నాటి వలస నిషేధంతో వేలమంది గడువు కోల్పోయి కోర్టుకు వెళ్లారు. 2025 డిసెంబరులో ప్రకటించిన నిలిపివేత వల్ల కూడా గడువు తనంతట తాను పెరగదు. అందుకే పత్రాలన్నీ సిద్ధంగా ఉంచుకుని, వంతు వచ్చిన రోజే కదిలేలా ఉండండి.

ప్రశ్న: నాకు డీవీ-2026లో తగిలింది. మా అమ్మాయికి ఇంటర్వ్యూ నాటికి 21 దాటుతుంది. వదిలేయాల్సిందేనా?
– పాఠకురాలు, మస్కట్

జవాబు: లెక్క వేయకుండా వదిలేయకండి. పిల్లల వయసులోంచి కొన్ని రోజులు తీసేసే చట్టం ఉంది. దరఖాస్తులు తెరిచిన తొలి రోజు నుంచి ఫలితాలు వచ్చిన రోజు వరకు ఎన్ని రోజులో అన్ని రోజులు తీసేస్తారు. డీవీ-2026కి 2024 అక్టోబరు 2 నుంచి 2025 మే 3 వరకు, అంటే 213 రోజులు, దాదాపు 7 నెలలు. మీ నంబరుకు వంతు వచ్చిన నెల మొదటి తేదీకి అమ్మాయికి 21 ఏళ్ల 4 నెలలు అనుకోండి. 7 నెలలు తీసేస్తే 20 ఏళ్ల 9 నెలలు, మీతో రావచ్చు. 21 ఏళ్ల 8 నెలలైతే కుదరదు. ఈలోగా ఆమెకు పెళ్లి చేయకండి. పెళ్లయిన రోజే ఈ లెక్కంతా రద్దవుతుంది.